ఆయన అడిగింది బిచ్చం కాదు, వాటా! కులాల కథలు పాడేవాళ్ళని ఎవరు పోషించారు?

ఈ ఎపిసోడ్ పామూరులో మా ఇంటి వరండాలోనే కూర్చుని రికార్డ్ చేస్తున్నా. మధ్యలో మేకల అరుపులు వినిపిస్తే సర్దుకోండి, వాటిని ఎడిటింగ్‌లో తీసే ఓపిక నాకు లేదు.

నేను బెంగళూరులో జాబ్ చేసే రోజుల్లో జరిగిన విషయంతో మొదలుపెడతా. సంక్రాంతికి ఇంటికొచ్చా. పొద్దున్నే గుమ్మం ముందు ఒక పెద్దాయన, భుజాన పొడుగాటి కొమ్ము. పక్కన ఇంకొకాయన డోలు లాంటి వాయిద్యంతో. కొమ్ము ఊదగానే వీధి కుక్కలన్నీ లేచాయి. తర్వాత ఏదో పాడుతున్నాడు, మధ్యలో మా తాత పేరు, ఆయన నాయన పేరు వినిపించాయి. నేనేం చేశానంటే, జేబులోంచి ఇరవై రూపాయలు తీసి ఇచ్చా. ఆయన తీసుకోలేదు. "ఇది వద్దు నాయనా, మీ నాయన్ని పిలువు" అన్నాడు.

మా నాయన వచ్చాడు, చాప వేయించాడు, లోపలికెళ్ళి బియ్యం, డబ్బులు, ఒక కొత్త పంచె తెచ్చాడు. వాళ్ళు వెళ్ళాక నాకు క్లాస్ పీకాడు. "బిచ్చగాడనుకున్నావేందిరా ఆయన్ని? ఆయన వాటా కోసం వచ్చినాడు. మీ తాత ఉన్నప్పుడైతే గొర్రెపిల్లని ఇచ్చేవాళ్ళం."

వాటా! ఆ మాట నా బుర్రలో తిరుగుతూనే ఉంది. మనింటికి ఏడాదికోసారి వచ్చే మనిషికి మన సంపాదనలో వాటా ఏంటి? అప్పటికి నేను మూడు యాప్‌లకి సబ్‌స్క్రిప్షన్ కడుతున్నా, అందులో రెండు ఓపెన్ కూడా చేయను, అది వేరే సంగతి.

మాది గొల్లల ఇల్లు. మా ఇంటికి వచ్చినాయన కొమ్ములవాళ్ళాయన. గొల్లలకి కాటమరాజు కథ పాడటం వాళ్ళ పని. ఇలా తెలుగు నేల మీద చాలా కులాలకి, ఆ కులం పుట్టుక కథ, వంశం, గోత్రాలు చెప్పడానికి ఇంకో చిన్న కులం ఉంటుంది. వీళ్ళనే పుస్తకాల్లో ఆశ్రిత కులాలు అంటారు. పద్మశాలీలకి కూనపులివాళ్ళు మార్కండేయ పురాణం చెబుతారు. మాదిగలకి చిందువాళ్ళు, డక్కలివాళ్ళు ఉన్నారు, జాంబపురాణం వాళ్ళ నోటనే వినాలి. విశ్వకర్మలకి రుంజవాళ్ళు. ముదిరాజులకి కాకిపడగలవాళ్ళు. రెడ్లు, కాపుల గోత్రాలు చెప్పేవాళ్ళు పిచ్చిగుంట్లవాళ్ళు, ఇప్పుడు వంశరాజ్ అంటున్నారు. తెలంగాణలో గొల్లలకి మందెచ్చులవాళ్ళు కూడా ఉన్నారు, బొమ్మలు చూపిస్తూ కథ చెబుతారు. మీ ఇంటికి ఎవరొచ్చేవాళ్ళో ఒకసారి మీ అవ్వనో తాతనో అడిగి చూడండి, గూగుల్‌లో దొరకని ఆన్సర్ వస్తుంది.

ఇందులో నాకు బాగా ఇంట్రెస్టింగ్‌గా అనిపించింది ఏంటంటే, ఊళ్ళు వాళ్ళ ఆస్తి! మిరాశీ అంటారు. అంటే ఒక కుటుంబానికి ఫలానా ఊళ్ళు ఉంటాయి. ఆ ఊళ్ళలోకి వేరే కుటుంబం వెళ్ళి పాడకూడదు. అన్నదమ్ములు వేరు పడితే మనం పొలాలు పంచుకున్నట్టు వాళ్ళు ఊళ్ళు పంచుకుంటారు. కొన్ని చోట్ల పెళ్ళిలో కూతురికి ఊరే కట్నంగా ఇచ్చేవాళ్ళు. అంటే మా పామూరు లాంటి ఊరు ఒకరికి వారసత్వంగా వచ్చిన చేను లాంటిదన్నమాట. చేలో పండేది ధాన్యం, ఇక్కడ పండేది మన ఇళ్ళు ఇచ్చే వాటా. కొందరి దగ్గర ఈ హక్కు రాసిన రాగి రేకులు కూడా ఉన్నాయి.

మరి ఇచ్చేవాడికి ఏం లాభం? అప్పట్లో మన చరిత్ర మనకి ఎవడూ రాసిపెట్టలేదు కదా. రాజులకి కవులున్నారు, శాసనాలున్నాయి. గొర్రెలు కాసేవాడికి, మగ్గం నేసేవాడికి, చెప్పులు కుట్టేవాడికి ఎవరున్నారు? వీళ్ళే ఉన్నారు. "మీరు తక్కువవాళ్ళు కాదు, మీ మూలపురుషుడు ఇంతటివాడు" అని ఊరు మొత్తం వినేలా చెప్పే గొంతు అది. ఆ గొంతుకి కట్టే ఏడాది బిల్లు ఈ వాటా.

ఇప్పుడు మన ఏరియా కథకి వద్దాం. కాటమరాజు కథ ఎక్కడో జరిగింది కాదు, మన పక్కనే. పదమూడో శతాబ్దం అంటారు. ఆలమందలకి మేత లేక కాటమరాజు నెల్లూరు సీమకి వచ్చాడు. నెల్లూరు నల్లసిద్ధి రాజుతో ఒప్పందం చేసుకున్నాడు. డీల్ ఏంటంటే, నీ బీళ్ళలో గడ్డి మేపుకుంటాం, దానికి బదులు మా మందలో పుట్టిన కోడెదూడలు నీకు ఇస్తాం. ఆ తర్వాత గొడవలొచ్చాయి, రాజు వైపు వాళ్ళు ఆవుల్ని చంపించారని వీళ్ళు, పుల్లరి కట్టలేదని వాళ్ళు. చివరికి పాలేరు ఒడ్డున ఎర్రగడ్డపాటి దగ్గర యుద్ధం. ఖడ్గ తిక్కన పేరు విన్నారు కదా, మహాభారతం రాసిన తిక్కనకి వరసకి సోదరుడు. ఈ యుద్ధం నుంచి వెనక్కి తిరిగి ఇంటికొస్తే, ఆడవాళ్ళలా స్నానం చేయమని భార్య మంచం అడ్డం పెట్టి పసుపు ముద్ద పెట్టిందట. మళ్ళీ వెళ్ళి అక్కడే చనిపోయాడు. కొమ్ములవాళ్ళు తమ మూలం ఈ కథలో కాటమరాజు పక్కన పోరాడిన బీర్నీడు దగ్గర ఉందని చెప్పుకుంటారు.

ఇదొక్క కథ కాదు, చాలా పెద్ద కథాచక్రం, రాత్రుళ్ళు రాత్రుళ్ళు పాడతారు. తంగిరాల వెంకట సుబ్బారావు గారు 1970ల్లో వీటిని సేకరించి అచ్చు వేయించారు కాబట్టి మనకి పుస్తకంగా కొంత మిగిలింది. నాకు తమాషాగా అనిపించేది, ఈ కథ మొత్తం ఒక ఒప్పందం తప్పడం గురించే. గడ్డికి దూడలు. పాటకి గొర్రెపిల్ల. పాడేవాళ్ళది కూడా అలాంటి ఒప్పందమే.

ఆగండి, "ఆహా పాత రోజులు ఎంత గొప్పవో" అనే టైప్ వీడియో కాదిది. ఆ ఒప్పందంలో ఒక సైడ్ చాలా బరువుంది. ఆశ్రితులు ఎక్కువగా పోషకుల కంటే కింద మెట్టులో ఉన్నవాళ్ళే. డక్కలివాళ్ళనైతే ఊరి బయట ఉండేవాళ్ళు కూడా తమ ఇళ్ళకి దూరం పెట్టారు. చేయి చాచాలి, "మీరు గొప్ప" అని పాడాలి, ఇచ్చింది పట్టుకెళ్ళాలి. కొడుకు వేరే పని చేస్తానంటే ఊళ్ళ హక్కు పోతుంది. సాఫ్ట్‌వేర్‌లో మేం దీన్ని లాక్-ఇన్ అంటాం, కస్టమర్ బయటికి పోలేడు. ఇక్కడ సర్వీస్ ఇచ్చేవాడే బయటికి పోలేడు. మా ఇంటికొచ్చిన పెద్దాయన కొడుకు నాతో ఓపెన్‌గా చెప్పాడు, "మా నాయన పాడతా ఉంటే బాగుంటాది అన్నా, సంచి పట్టుకుని నిలబడ్డప్పుడే చచ్చిపోవాలనిపిస్తాది" అని. దానికి నా దగ్గర ఆన్సర్ లేదు.

ఇది ఎలా కూలిపోయిందో మీకు తెలిసిందే. వాటా మందలోంచి వచ్చేది, బీళ్ళు పోయాయి, మందలు తగ్గాయి. వర్షం లేని మన పడమటి ప్రకాశంలో సగం ఊళ్ళు హైదరాబాద్‌కి, బెంగళూరుకి పనికి వెళ్ళిపోయాయి. తాళం వేసిన ఇంటి ముందు వంశం ఎవరికి చెప్తారు? ఫంక్షన్ హాల్ అద్దెకి తీసుకున్న పెళ్ళిలో రాత్రంతా కథ పెట్టే ఛాన్సే లేదు, డీజేకే టైమ్ చాలట్లేదు.

ఒకటి పడిపోతే దాని మీద ఆధారపడ్డవి కూడా పడతాయి. చేర్యాల బొమ్మల గురించి వినే ఉంటారు, సిద్దిపేట జిల్లా, జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. అసలు అవి గోడకి తగిలించుకునే బొమ్మలు కాదు. కథ చెప్పేవాళ్ళ కోసం నకాషీలు గీసిన గజాల కొద్దీ పటాలు. కథకి తగ్గట్టు పటం కొంచెం కొంచెం విప్పుతూ పాడతారు. పటం పాతబడితే దానికి మర్యాదలు చేసి నదిలో వదిలేసేవాళ్ళు, కొత్తది గీయించుకునేవాళ్ళు. కథకి గిరాకీ పోగానే పటానికీ పోయింది. అందుకే ఇప్పుడు మాస్కులు, చిన్న ఫ్రేములు.

రాజస్థాన్‌లో మాంగణియార్లది కూడా ఇదే కథ. వాళ్ళు ముస్లింలు, పోషకుల్లో చాలామంది హిందూ రాజపుత్రులు. అక్కడ కోమల్ కొఠారి అనే ఆయన 1960లో విజయదాన్ దేథాతో కలిసి రూపాయన్ సంస్థాన్ పెట్టి వాళ్ళ పాటలు రికార్డ్ చేశారు, స్టేజీలెక్కించారు. ఇవాళ వాళ్ళు విదేశాల్లో కూడా పాడుతున్నారు. మనకి అంత పెద్ద ఎత్తున జరగలేదు.

మన దగ్గర ప్రభుత్వం పోషకుడైంది, సినిమా పోషకుడైంది. కిన్నెర మొగిలయ్య గారు డక్కలి కళాకారుడు. 2021లో భీమ్లా నాయక్ పాటలో ఆ గొంతు విని మనమందరం స్టేటస్‌లు పెట్టుకున్నాం. 2022లో పద్మశ్రీ. 2024లో ఆయన కూలి పని చేస్తున్న ఫోటోలు వార్తల్లో వచ్చాయి. అదే ఏడాది చిందు యక్షగానం గడ్డం సమ్మయ్య గారికి పద్మశ్రీ వచ్చింది. అవార్డు ఒకసారి వస్తుంది. వాటా ఏటా వచ్చేది. తేడా అక్కడుంది.

ఇక నా సంగతి. ఆ పెద్దాయన పాటని నేను ఎనిమిది నిమిషాల వీడియోగా ఈ ఛానెల్‌లోనే పెట్టా, మీలో కొందరు చూసే ఉంటారు. అది బాగా ఆడింది. వచ్చిన డబ్బులో మూడు వేలు వాళ్ళ అబ్బాయికి ఫోన్‌పే చేశా. "నెలనెలా వస్తాదా అన్నా?" అన్నాడు. తెలీదన్నా. నిజంగానే తెలీదు. ఆల్గారిథం నన్నే ఎప్పుడు వదిలేస్తుందో తెలీదు. ఆ మూడు వేలు ఎలా లెక్కేశానో అది కూడా నా ఇష్టమే, ఆయన్ని అడగలేదు. ఇప్పుడు అడిగా. ఆ వీడియోకి వచ్చేదాంట్లో సగం వాళ్ళకి వెళ్ళేలా మాట్లాడుకున్నాం, వాళ్ళు వద్దంటే వీడియో తీసేస్తా.

మొన్న ఆయనకి ఫోన్‌లో అనలిటిక్స్ చూపించా. హైదరాబాద్ ఇంతమంది, బెంగళూరు ఇంతమంది, దుబాయ్ కూడా ఉంది పెద్దయ్యా అని. చాలాసేపు చూశాడు. "వీళ్ళ పేర్లేంది నాయనా?" అన్నాడు. పేర్లు రావు, నంబర్లే వస్తాయన్నా.

"పేర్లు లేకపోతే ఎవురి మీద పాడేది?" అని ఫోన్ నా చేతికిచ్చి, చాప దులుపుకుని లేచాడు.