ఫైన్ కట్టేసిన కేసు గురించి వీసా ఫారంలో చెప్పాలా?



మన పిల్లలు తొమ్మిదో పదో తరగతిలో ఉండగానే చాలా ఇళ్లలో "అమెరికాలో ఎంఎస్" అన్న మాట మొదలవుతుంది. మార్కులు, ఇంగ్లిష్, బ్యాంకు లోను, అన్నీ ముందే ఆలోచిస్తాం. వీసా ఫారంలో ఉండే ఒక ప్రశ్న గురించి మాత్రం ఫారం నింపే రోజు దాకా ఎవరూ మాట్లాడుకోరు. ఈ నెల దాని గురించి చెప్పుకుందాం.

ఆ ప్రశ్న ఏమిటి?

అమెరికా స్టూడెంట్ వీసాకైనా, విజిటర్ వీసాకైనా ఆన్‌లైన్‌లో డీఎస్-160 ఫారం నింపాలి. ఏదైనా నేరం కింద మీరు ఎప్పుడైనా అరెస్టయ్యారా, లేదా దోషిగా తేలారా అని అందులో అడుగుతారు. తర్వాత క్షమాభిక్ష దొరికినా సరే, చెప్పాల్సిందే. ఇక్కడ "అరెస్టయ్యారా" అన్న మాట గమనించండి. తర్వాత కోర్టు కేసు కొట్టేసినా, లోక్ అదాలత్‌లో రాజీ కుదిరినా, అరెస్టు జరిగి ఉంటే జవాబు "అవును" అనే.

హెల్మెట్ లేదని ఫోన్‌కు వచ్చే ఈ-చలాన్ అరెస్టు కాదు. దానికి కంగారు పడనక్కర్లేదు. డ్రంక్ అండ్ డ్రైవ్ సంగతి వేరు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం మొదటిసారి దొరికితే 6 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల ఫైన్, లేదా రెండూ. కోర్టులో తప్పు ఒప్పుకుని ఫైన్ కట్టి వస్తే మనం "క్లోజ్ అయిపోయింది" అనుకుంటాం. అమెరికా ఇమిగ్రేషన్ చట్టం అలా అనుకోదు. తప్పు ఒప్పుకుని, దానికి ఏదో ఒక శిక్ష పడితే దాన్ని కన్విక్షన్‌గానే లెక్కిస్తుంది.

"అవును" అంటే వీసా రాదా?

అలా ఏమీ లేదు. అది ఏ రకం నేరం అన్నది చూస్తారు. దొంగతనం, మోసం లాంటి వాటిని "మోరల్ టర్పిట్యూడ్" నేరాలు అంటారు. అంటే నీతికి విరుద్ధమైనవని అర్థం. వీటితో వీసాకు అనర్హులయ్యే ప్రమాదం ఉంది. అయితే ఒక మినహాయింపు ఉంది. అలాంటి నేరం ఒక్కటే అయి ఉండాలి. ఆ నేరానికి చట్టంలో గరిష్ఠ శిక్ష ఏడాదికి మించకూడదు. నిజంగా పడిన శిక్ష 6 నెలలు దాటకూడదు.

చాలామంది పొరబడేది ఇక్కడే. మన చట్టంలో మామూలు దొంగతనానికి 3 ఏళ్ల వరకు జైలు వేయవచ్చు. కాబట్టి సెల్‌ఫోన్ దొంగతనం కేసులో కోర్టు ఫైన్‌తో వదిలేసినా ఈ మినహాయింపు దొరకడం కష్టం. ఎంత శిక్ష పడింది అన్నదే కాదు, ఎంత పడే వీలుంది అన్నదీ చూస్తారు. 18 ఏళ్లు నిండకముందు చేసిన ఒకే ఒక్క నేరానికి, జరిగి 5 ఏళ్లు దాటితే, మరో మినహాయింపు ఉంది.

మామూలు డ్రంక్ అండ్ డ్రైవ్ ఈ జాబితాలోకి రాదు. కానీ గత 5 ఏళ్లలో మద్యానికి సంబంధించిన అరెస్టు ఒక్కటి ఉన్నా మెడికల్ పరీక్షకు పంపుతారు. అక్కడికి వెళ్లాక తాగి నడిపి అరెస్టయితే, కోర్టు తీర్పు రాకముందే వీసా రద్దు చేసే విధానం 2015 నుంచి ఉంది. కెనడా ఇంకా కఠినం. 2018 డిసెంబరు నుంచి అక్కడ తాగి నడపడాన్ని తీవ్రమైన నేరాల కిందే చూస్తున్నారు.

దాస్తే?

"ఇక్కడి కేసు వాళ్లకెలా తెలుస్తుంది సార్, 'నో' పెట్టేయండి" అనే కన్సల్టెన్సీ వాళ్లు ఉంటారు. దయచేసి ఆ మాట వినకండి. ఫారం ఎవరు నింపినా, అందులో ఉన్నదానికి బాధ్యత పిల్లలదే. ముఖ్యమైన విషయం కావాలని దాచి వీసా కోరారని తేలితే ఆ అనర్హత జీవితాంతం ఉంటుంది. వేవర్ కోరే దారి ఉన్నా అది సులువు కాదు. గ్రీన్ కార్డు దగ్గర మళ్లీ ఇవే ప్రశ్నలు వస్తాయి. అమెరికన్ కాన్సులేట్ ద్వారా ఇమిగ్రెంట్ వీసాకు వెళ్తే పోలీస్ సర్టిఫికెట్ కూడా ఇవ్వాలి. పదేళ్ల కిందటి "నో" అప్పుడు బయటపడితే ఉద్యోగం, ఇల్లు, కుటుంబం అన్నీ చిక్కుల్లో పడతాయి. చిన్న కేసుకు చాలాసార్లు దారి ఉంటుంది. అబద్ధానికే దారి ఇరుకు.

ఇప్పుడే చేయగలిగినవి

ఇంట్లో ఎవరిమీదైనా పాత కేసు ఉంటే ఎఫ్ఐఆర్, చార్జ్‌షీట్, కోర్టు తీర్పు సర్టిఫైడ్ కాపీలు, ఫైన్ రసీదు ఒక ఫైల్లో పెట్టుకోండి. ఏళ్లు గడిచాక వీటిని సంపాదించడం కష్టం. ఫారం నింపే ముందు ఇమిగ్రేషన్ చట్టం తెలిసిన లాయర్‌కు ఆ కాగితాలు చూపించండి. ఈ వ్యాసం వారి సలహాకు బదులు కాదు.

చివరగా, మన స్కూల్ వయసు పిల్లలకు నేరుగా సంబంధించిన మాట. ట్యూషన్ దూరమని మైనర్ చేతికి బైక్ ఇచ్చి, ఆ బండితో ఏదైనా నేరం జరిగితే, మోటారు వాహనాల చట్టం 199ఏ సెక్షన్ ప్రకారం తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి 3 ఏళ్ల వరకు జైలు, 25,000 రూపాయల ఫైన్ పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది. పిల్లలకు 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. అప్పుడు కేసు మీ పేరు మీదే ఉంటుంది. రేపు బాబు గ్రాడ్యుయేషన్ చూడటానికి మీరు విజిటర్ వీసాకు వెళ్లినప్పుడు, అదే డీఎస్-160లో అదే ప్రశ్నకు మీరూ జవాబు చెప్పాలి. కాబట్టి లైసెన్స్ వచ్చేదాకా బండి తాళం మీ దగ్గరే ఉండనివ్వండి.