ఫొటో రీలు ఏమైంది?

సాలూరు పట్టణానికి కొండ ఊళ్ల నుంచి జనం పనుల మీద దిగి వస్తారు. ఒకప్పుడు ఫొటో కావాలంటే స్టూడియోకే వెళ్లాలి.

అప్పటి కెమెరాలో రీలు వేసేవారు. పెద్ద రీలుకు 36 ఫొటోలు వచ్చేవి. రీలు మీద వెండి కలిసిన పూత ఉంటుంది. వెలుతురు తగిలితే ఆ పూత మారుతుంది. ఫొటో తీశాక మళ్లీ వెలుతురు తగిలితే బొమ్మ పాడవుతుంది. అందుకే చీకటి గదిలో మందునీళ్లతో రీలు కడిగేవారు.

ముందు నెగెటివ్ వచ్చేది. నలుపు తెలుపు నెగెటివ్‌లో తెల్లచీర నల్లగా, నల్లజుట్టు తెల్లగా కనిపిస్తుంది. దాన్నుంచి కాగితం మీద ఫొటో తీసేవారు.

మన దేశంలోనూ రీళ్లు తయారయ్యేవి. ఊటీలో ప్రభుత్వం 1960లో కంపెనీ పెట్టింది. ‘ఇందు’ రీళ్లు అక్కడివే. ఆ కంపెనీ మూతపడింది.

ఎందుకు? రీలు అక్కరలేని డిజిటల్ కెమెరాలు వచ్చాయి. తర్వాత సెల్‌ఫోన్లు వచ్చాయి. రీలు కొనేవారు తగ్గారు. కడిగేవారికి పని పోయింది. రీళ్లనే నమ్ముకున్న కొట్లు చాలా ఊళ్లలో మూతపడ్డాయి. కంప్యూటరు నేర్చుకున్నవారు స్టూడియోలు నిలుపుకున్నారు.

ఫోనులో ఫొటో తేలిక. కానీ ఫోను పాడైతే ఫొటోలూ పోవచ్చు. ముఖ్యమైనవి కాగితం మీద తీయించుకోవాలి.

ఇంట్లో పాత నెగెటివ్‌లు ఉన్నాయా? పారేయకండి. చెమ్మ తగలకుండా దాచండి. చనిపోయిన అమ్మ ఫొటో చెదలు తినేసినా, నెగెటివ్ ఉంటే మళ్లీ తీయించవచ్చు.