పాత మోటారు సైకిలు కొన్న రైతులకు



వానకాలపు వడ్లు కాంటా అయి డబ్బు చేతికి వచ్చిన తరువాత నిజాంసాగర్ ఆయకట్టు గ్రామాలలో పాత మోటారు సైకిళ్ళు చాలా చేతులు మారుతుంటవి. మోటారు కాడికి, పాలకేంద్రానికి, మార్కెట్టుకు తిరగడానికి పాతది చాలునని అనుకోవడంలో తప్పులేదు. పాతబండి అంటే చెడ్డబండి అని కాదు. కాని కొనేవారు చూచే పద్ధతిలో ఒక లోపం కనిపిస్తున్నది. కిక్కు కొట్టగానే లేచిందా, లీటరుకు ఎంత ఇస్తున్నది, ఎంత జోరుగా పోతున్నది, ఈ మూడే అడుగుతున్నారు. బండి సరిగా ఆగుతుందా అని అడిగేవారు తక్కువ. నడవని బండి మిమ్ములను ఇంటి దగ్గరనే ఉంచుతుంది. ఆగని బండి ఎక్కడ దింపుతుందో చెప్పలేము. కావున ఈ ప్రసంగంలో బండి ఆగే భాగాలను గురించి ఎక్కువగాను, ఇంజను గురించి అవసరమైనంత మేరకును చెప్పుకుందాము.

బేరానికి పొద్దున్నే పోవలెను. ముందుగా ఇంజను మీద చేయిపెట్టి చూడండి. అప్పటికే వెచ్చగా ఉంటే అమ్మేవారు ముందే నడిపి పెట్టినారన్నమాట. చల్లటి ఇంజను ఎన్ని కిక్కులకు లేస్తుందన్నదే అసలు పరీక్ష. సైలెన్సరు నుండి నీలిపొగ ఆగకుండా వస్తుంటే ఇంజను ఆయిలు తాగుతున్నదని అర్థం. నల్లపొగ వస్తే పెట్రోలు ఎక్కువై సరిగా కాలడం లేదు. చలికాలం ఉదయాన మొదటి నిమిషంలో కనిపించే తెల్లటి ఆవిరికి భయపడనవసరం లేదు. మీటరులోని కిలోమీటర్ల అంకెను చూచి ధర కట్టరాదు. అరిగిన ఫుట్‌రెస్టు రబ్బరు, గేరు పెడలు, చేతిపిడులు ఆ అంకె కంటె ఎక్కువ నిజం చెప్పుతవి.

నంబరు పలక కూడ ఒక సంగతి చెప్పుతుంది. నిజామాబాదు జిల్లా బండ్లకు 2014 జూన్ దాకా ఏపీ 25 ఉండేది, తరువాత టీఎస్ 16 వచ్చింది. 2016లో కామారెడ్డి జిల్లా ఏర్పడినాక అక్కడి బండ్లకు టీఎస్ 17 ఇచ్చినారు. 2024 మార్చి నుండి టీజీ అక్షరాలు వచ్చినవి. బండి రిజిస్ట్రేషను మొదట 15 ఏండ్లకే ఉంటుంది. ఆపైన బండిని చూపించి అయిదేసి ఏండ్లకు పొడిగించుకోవలెను. అందువల్ల ఏపీ 25 బండి కొనేవారు ఆర్‌సీలో గడువు తేదీని అన్నిటికంటె ముందు చూడాలి. ఆర్‌సీలో అప్పు ఇచ్చిన సంస్థ పేరుంటే, బాకీ తీరినట్లు ఆ సంస్థ ఇచ్చే 35వ నంబరు ఫారం తీసుకోనిదే డబ్బు ఇవ్వకండి. 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలు చేయించుకొని బండిని మీ పేరుకు మార్చుకోవలెను. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం అమ్మినవారు 14 రోజులలోను, కొన్నవారు 30 రోజులలోను ఈ సంగతి రవాణా శాఖకు తెలియజేయాలి. ఇన్సూరెన్సు కూడ మీ పేరుకు మారాలి. “మనోడే గదా, తర్వాత చూసుకుందాం” అని ఏండ్ల తరబడి పాత యజమాని పేరుతోనే తిప్పేవారున్నారు. ప్రమాదం జరిగిన నాడు ఆ చిక్కు ఇద్దరికీ చుట్టుకుంటుంది.

ఇక బ్రేకుల సంగతి. పాత 100 సీసీ బండ్లలో ఎక్కువగా రెండు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే ఉంటవి. డ్రమ్ము పక్కన బ్రేకు చేయి బిగించిన చోట చిన్న బాణం గుర్తు ఉంటుంది. బ్రేకు గట్టిగా నొక్కినప్పుడు ఆ బాణం డ్రమ్ము పలక మీది గీతకు చేరిందంటే లోపలి లైనర్లు అయిపోయినట్లే. నట్టు బిగిస్తూ బిగిస్తూ మరల చివరికి వచ్చినా అదే అర్థం. అప్పుడు ఇంకా బిగించి నడపడం కాదు, లైనర్లు మార్పించవలెను. కొత్తవి వేసిన తరువాత పెడలుకు సుమారు ఒక అంగుళం ఆట ఉంచాలి. ఆట లేకుండా బిగిస్తే బ్రేకు ఎప్పుడూ పట్టుకొనే ఉండి డ్రమ్ము కాగిపోతుంది. కీచుమంటున్నదని డ్రమ్ములో నూనె వేసేవారున్నారు. అది బ్రేకును చేతులారా తీసివేయడమే.

ముందు బ్రేకు అంటే మనవాళ్ళకు భయం. ముందు బ్రేకు పట్టితే బండి పల్టీ కొడుతుందని చెప్పుకుంటారు. నిజానికి ఆగేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది గనుక బండిని ఆపే శక్తిలో పెద్దభాగం ముందు బ్రేకుదే. చదునైన పొడి రోడ్డు మీద రెండూ కలిపి, మెల్లగా మొదలుపెట్టి గట్టిగా నొక్కవలెను. ఒక్కసారిగా గుంజినప్పుడే చక్రం బిగుసుకొని జారుతుంది. బురదలోను, మలుపులోను ముందు బ్రేకు ముట్టకుండా, మలుపుకు ముందే వేగం తగ్గించుకోవలెను.

మోపెడు నడిపి అలవాటైన రైతులు గేరు బండి కొన్నప్పుడు ఇంకొక ప్రమాదం ఉన్నది. గేరులేని మోపెడ్ల మీద, స్కూటర్ల మీద ఎడమచేతి లీవరు వెనుక బ్రేకు. గేరు బండి మీద అదే లీవరు క్లచ్చు. ఎదురుగా గొడ్డు అడ్డం వస్తే ఆలోచనకు తావుండదు, చేతికి అలవాటైనదే చేస్తుంది. ఎడమచేయి గట్టిగా గుంజుతుంది, ఇంజను పట్టు విడిపోయి బండి ఇంకా తేలికగా ముందుకు ఉరుకుతుంది. కనుక ఈ అలవాటున్నవారు మొదటి వారమంతా పొద్దున ఖాళీగా ఉన్న కల్లం దగ్గరనో, ఊరి బయటి మైదానంలోనో కుడికాలుతో, కుడిచేతితో ఆపడం యాభైసార్లు అయినా సాధన చేయాలి. గేర్ల వరుస కూడ అన్ని బండ్లకు ఒకటి కాదు. కొన్నిటిలో నాలుగు గేర్లూ మునివేళ్ళతో కిందికి నొక్కితే పడతవి. కొన్నిటిలో మొదటిది కిందికి, మిగతావి పైకి. అమ్మినవారిని అడిగి తెలుసుకున్నాకనే రోడ్డెక్కండి.

టైర్ల విషయానికి వస్తే, గాట్ల మధ్య అక్కడక్కడ చిన్న మిట్టలు ఉంటవి. టైరు పైభాగం అరిగి ఆ మిట్టలతో సమానమైతే మార్చవలసిందే. టైరు పక్కన నాలుగు అంకెలు అచ్చు వేసి ఉంటవి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని తెలుసుకోవలెను. గాట్లు నిండుగా ఉన్నా, పాతబడి పగుళ్ళు వచ్చిన టైరు మీద బరువు వేయరాదు. గాలి మామూలుగా ముందు 25, ఒక్కరే ఎక్కితే వెనుక 28 పౌండ్ల దగ్గర ఉంటుంది. మీ బండి లెక్క చైను కవరు మీదనో మరొక చోటనో అతికించిన కాగితం మీద ఉంటుంది, దానినే పాటించండి. వెనుక మనిషి ఎక్కినా, 45 కిలోల యూరియా బస్తా కట్టినా వెనుక గాలి పెంచాలి. బస్తా సీటు చివరకు కాకుండా మీ నడుముకు ఆనించి కట్టవలెను. వెనుకకు కట్టితే ముందు చక్రం తేలికై హాండిలు అటూ ఇటూ ఆడుతుంది, రాత్రిపూట లైటు కూడ చెట్ల మీదికి కొడుతుంది.

యూరియా మాట వచ్చింది గనుక చెప్పుతున్నాను. బస్తా నుండి రాలిన ఎరువు చెమ్మ తగిలి చైను, రిమ్ము, పుల్లలను తింటుంది. ఎరువు మోసిన నాడు సాయంత్రం రెండు బకెట్ల నీళ్ళు పోసి కడగండి. పుల్లల మొదట్లో తుప్పు పట్టిన చక్రం ఒకనాడు గుంతలో పడి వంగుతుంది.

చైనుకు కింది వరుస మధ్యలో ఒక అంగుళం దాకా ఆట ఉండాలి. చక్రం తిప్పుతూ నాలుగు చోట్ల చూడండి. ఒకచోట బిగుతు, ఒకచోట వదులు ఉంటే చైను సాగిపోయినట్లే. వెనుక పళ్ళచక్రం మీద చైనును పట్టుకొని వెనుకకు గుంజినప్పుడు పళ్ళు సగం బయటపడితే చైనును, రెండు పళ్ళచక్రాలను కలిపి మార్చండి. కొత్త చైను పాత పళ్ళ మీద వేస్తే నెలలలోనే అదీ చెడుతుంది. శుభ్రానికి కిరోసిన్ గుడ్డ, తరువాత గేరు ఆయిలు. ఇంజను నుండి తీసిన నల్ల ఆయిలు వేయకండి, అందులోని రజను చైనును ఆకురాయిలాగ అరగదీస్తుంది. చైను లింకుకు పెట్టే చిన్న స్ప్రింగు లాకు మూసుకొన్న కొన బండి పోయే దిక్కుకు ఉండాలి. తిరగేసి పెడితే దేనికైనా తగిలి ఊడిపోవచ్చు. చైను తెగి వెనుక చక్రానికి చుట్టుకుంటే బండి ఉన్నచోటనే పడిపోతుంది. అందుకే చైనును నేను బ్రేకుల పక్కనే చేర్చి చెప్పుతున్నాను. చైనుకు చీరకొంగు, మెడలోని తువ్వాలు చుట్టుకోకుండా చైను కవరు, చీర అడ్డుపట్టీ రెండూ ఉండాలి. బరువు కట్టడానికి వీలుగా ఉంటుందని ఆ పట్టీని ఊడదీసి అటక మీద వేయరాదు.

ఇంజనుకు మొదటి వైద్యం ఆయిలు మార్పే. పాత యజమాని ఎప్పుడు మార్చినాడో అతని మాటే ఆధారం, కనుక కొన్ననాడే మార్చివేయండి. ఆపైన మన దుమ్ము దారులకు 3,000 కిలోమీటర్లు దాటనీయకండి. ఇంట్లో ట్రాక్టరు కోసం తెచ్చిన డబ్బా ఉన్నది గదా అని అందులోది పోయకండి. మోటారు సైకిలులో క్లచ్చు పలకలు కూడ ఇంజను ఆయిలులోనే మునిగి తిరుగుతవి. ట్రాక్టరు ఆయిలులో కలిపే మందుల వలన ఆ పలకలు జారవచ్చును. డబ్బా మీద 4టీ అని, జాసో ఎంఏ అని ఉన్నదే తీసుకోండి. తీసిన ఆయిలును కాల్వలో పారబోయక డబ్బాలో పట్టి మెకానిక్కుకు ఇవ్వండి. కోతల రోజులలో గాలి జల్లెడ కూడ విప్పి చూడాలి. అది కాగితపుదైతే దులిపి, బాగా నిండితే మార్చాలి. నురగ రబ్బరుదైతే కిరోసిన్‌లో కడిగి ఆరబెట్టాలి.

పెట్రోలు గురించి ఒక మాట. 2025 నాటికి పెట్రోలులో 20 శాతం దాకా ఎథనాలు కలిపే పద్ధతి వచ్చింది. మనం పండించే చెరకు మొలాసిస్ నుండి, మక్కల నుండి, నూకల నుండి తయారయ్యేదే ఇది. రైతుకు మేలైనదే, కాని దానికి నీటిని పీల్చే గుణమున్నది. వానకాలంలో నెల రెండు నెలలు బండిని మూలకు పెట్టితే ట్యాంకు అడుగున నీరు చేరి తుప్పు పడుతుంది, కార్బొరేటరు సన్న రంధ్రాలు మూసుకుపోతవి. వారానికి ఒక్కసారి అయినా బండిని పది నిమిషాలు నడపండి. పాతబండ్లలో పెట్రోలు రబ్బరు గొట్టం ఉబ్బినా, పగుళ్ళిచ్చినా వెంటనే మార్చాలి. దాని ఖరీదు చాలా తక్కువ. పెట్రోలు కారి కాగిన ఇంజను మీద పడితే జరిగే నష్టానికి లెక్కలేదు.

ఇప్పుడు రాత్రి ప్రయాణం. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఉన్నవాడు అడ్డం కనిపించి బ్రేకు నొక్కడానికి ఒక సెకను పట్టిందనుకుంటే, ఆ సెకనులోనే బండి 11 మీటర్లు పోతుంది. మంచి బ్రేకులు, పొడి రోడ్డు అయినా ఆగడానికి ఇంకొక 12 మీటర్లు కావలెను. మొత్తం 23. వేగం 60 అయితే అదే లెక్క ప్రకారం 17, 28 కలిసి 45 మీటర్లు. అంటే పొలంలో రెండు కరెంటు స్తంభాల నడిమి దూరమంత. పాత 100 సీసీ బండి డిమ్ము లైటు ముప్ఫై నలభై మీటర్లకు మించి సరిగా చూపదు. మరి 60లో పోయేవానికి అడ్డం ఉన్న వస్తువు కనిపించేసరికి ఆగే దూరం దాటిపోయి ఉంటుంది. బండికి ఎంత కొత్త ఇంజను వేసినా ఈ లెక్క మారదు.

మన ప్రాంతంలో ఆ అడ్డం వస్తువు ఏమిటో మీకు తెలుసు. చెరకు ట్రాలీ. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడిన తరువాత అక్కడి చెరకు దూరపు మిల్లులకు పోవలసి వచ్చింది. రాత్రిళ్ళు ట్రాలీలు రోడ్డు మీద ఉండే సమయం పెరిగింది. ట్రాలీ వెనుక గడలు రెండడుగులు బయటికి పొడుచుకొని వస్తవి, వెనుక దీపం ఉండదు, ఉన్నా చెరకు ఆకులు కప్పుతవి. ఎడ్లబండ్ల నాడు బండి కింద లాంతరు వేలాడగట్టేవారు. ఇప్పుడు వందరెట్లు ఖరీదైన బండికి చిన్న రేడియం పట్టీ అంటించడానికి బద్ధకిస్తున్నాము. ట్రాలీ యజమానులూ ఈ మాట వింటున్న రైతులే గనుక చెప్పవలసి వచ్చింది. పట్టీ చెరకు కింద కప్పబడకుండా గడల చివరకు కట్టిన గుడ్డకు కూడ కుట్టండి. రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, మక్కలు టైరు కింద గోళీలవుతవి. రాశి చుట్టూ పెట్టిన రాళ్ళు రాత్రి కనిపించవు. కల్లాలు చాలక పోస్తున్నారన్నది నిజమే, అయినా చీకటి పడకముందే రాళ్ళు తీసివేయడం ఎవరికీ భారం కాదు.

కావున చీకటి పడితే 40 దాటవద్దు. ఎదురు లైటు కళ్ళలో పడ్డప్పుడు ఇంకా తగ్గించి, చూపును మీ ఎడమవైపు రోడ్డు అంచు మీద ఉంచండి. హెల్మెటుకు ఐఎస్ఐ గుర్తు ఉండాలి, గదమ కింద పట్టీ బిగించాలి. పట్టీ పెట్టని హెల్మెటు మనిషి కంటె ముందే ఎగిరిపోతుంది. కల్లు తాగిన పూట బండిని అక్కడనే వదిలి రండి, తెల్లారి తెచ్చుకోవచ్చు.

కాల్వ కట్ట మీద, తూముల దగ్గర నీళ్ళు పారేటప్పుడు ముందు దిగి లోతు చూడవలెను. చక్రం ఇరుసు దాకా నీళ్ళుంటే దాటరాదు. తక్కువైతే మొదటి గేరులో, యాక్సిలేటరు వదలకుండా నిదానంగా దాటండి. దాటిన తరువాత బ్రేకులు తడిసి పట్టవు. మెల్లగా పోతూ కొద్దికొద్దిగా నొక్కుతుంటే ఆరి మళ్ళీ పట్టుకుంటవి. నడిమధ్యలో ఇంజను ఆగిపోయి సైలెన్సరు మునిగితే మాత్రం అక్కడ కిక్కు కొట్టకండి. ఒడ్డుకు తోసుకొని వచ్చి, ప్లగ్గు విప్పి, లోపల నీళ్ళు లేవని చూచుకోండి. ఆయిలు పాలరంగుకు తిరిగి ఉంటే స్టార్టు చేయక, మెకానిక్కు దగ్గరికి తోసుకొనే పోవలెను.