పాప కాట్‌లోంచి దిండ్లన్నీ తీసేశాం!

పోయిన వేసవిలో ఓ రాత్రి. టైమ్ రెండున్నర అయి ఉంటుంది. కరెంటు పోయింది. ఏసీ ఆగింది, ఫ్యాన్ కూడా ఆగింది. ఆ నిశ్శబ్దానికే నాకు మెలకువ వచ్చింది. ఫోన్ టార్చ్ వేసి మంచం పక్కనే ఉన్న కాట్‌లోకి చూశాను. నాలుగున్నర నెలల మా పాప ఓ మూలకి జరిగిపోయి ఉంది. పక్కకి ఒత్తిగిలి, కాట్ చుట్టూ కట్టిన మెత్తటి దూది పట్టీలోకి ముఖం దూర్చేసింది. ముక్కు కనిపించట్లేదు.

గబుక్కున ఎత్తుకున్నా. కెవ్వుమంది. పాప ఏడుపు విని అంత సంతోషించింది ఆ ఒక్క రాత్రే! తల వెనకంతా చెమట. పాపకి ఏమీ కాలేదు. కానీ తెల్లారేదాకా నేను పాపని కింద పెట్టలేదు. మా ఆయన ‘ఏం కాలేదుగా, పడుకో’ అంటూనే తనూ కూర్చుండిపోయాడు.

ఆ దూది పట్టీ కుట్టింది ఎవరో కాదు, మా అమ్మే. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

ఫొటో చూసి కొన్నాం

నా పురుడు పుట్టింట్లోనే, తెనాలిలో. మూడో నెలలో హైదరాబాద్ వచ్చేద్దామనుకున్నప్పుడు, అక్కడే మంచం మీద కూర్చుని ఫోన్‌లో బేబీ కాట్‌లు వెతికాను. ఎన్ని ఫొటోలు చూశానో లెక్కలేదు. ప్రతి ఫొటోలోనూ కాట్ నిండా దిండ్లు, బొమ్మలు, చుట్టూ రంగురంగుల మెత్తటి పట్టీ. చూడ్డానికి ఎంత ముద్దుగా ఉందో! ఒకటి ఆర్డర్ పెట్టేశాం. నిజం చెప్పొద్దూ... రంగు చూశాను, రేటు చూశాను, రివ్యూలో స్టార్‌లు చూశాను. కర్రల మధ్య ఎంత సందు ఉందో చూడలేదు.

దిండ్ల సెట్ విడిగా కొనాలన్నారు. ‘వాటికి డబ్బులెందుకే, నేను కుడతాగా’ అంది అమ్మ. బూరుగు దూది తెప్పించి, ఎండలో వేసి, తన పాత చీరలు కత్తిరించి వారం రోజులు మిషను ముందే కూర్చుంది. చుట్టూ కట్టడానికి పట్టీ, అటూ ఇటూ రెండు బాలీసులు, తల గుండ్రంగా రావడానికి ఆవాల దిండు. పాప తల కర్రలకి కొట్టుకోకూడదని ఆవిడ తాపత్రయం.

డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న

మర్నాడే పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లాం. పాపని చూసి, బాగానే ఉందన్నారు. తర్వాత ‘కాట్‌లో ఏమేం ఉన్నాయి?’ అని అడిగారు. నేను లిస్టు చెప్పుకుంటూ పోతుంటే ఆవిడ తల అడ్డంగా ఊపుతూనే ఉన్నారు. ‘పరుపు, దాని మీద బిగుతుగా ఒక దుప్పటి, పాప. ఈ మూడూ తప్ప ఇంకేమీ ఉండకూడదు’ అన్నారు.

ఎందుకంటే... ఈ వయసు పిల్లలకి మెడ ఇంకా పూర్తిగా నిలబడదు. ముఖానికి మెత్తటిది అడ్డం వస్తే తోసేసుకోవడం, తల తిప్పుకోవడం వాళ్లకి చేతకాదు. ఊపిరాడకపోయినా గట్టిగా గింజుకోకపోవచ్చు. పక్కనే పడుకున్న మనకి చప్పుడే వినిపించదు. ఇది కాక, ఏడాదిలోపు పిల్లలు ఏ కారణమూ తెలియకుండా నిద్రలోనే చనిపోయే పరిస్థితి ఒకటుంది. దాన్ని ‘సిడ్స్’ అంటారు. వెల్లకిలా పడుకోబెడితే ఈ ముప్పు బాగా తగ్గుతుందని తేలాక 1994లో అమెరికాలో దాని మీద పెద్ద ప్రచారమే చేశారు. ఆ తర్వాతి ఏళ్లలో అక్కడ ఈ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. మందు లేదు, మిషను లేదు... పడుకోబెట్టే తీరు మార్చారు, అంతే!

నేను కట్టిన దూది పట్టీ లాంటివాటిని, 10 డిగ్రీల కంటే ఎక్కువ ఏటవాలుగా ఉండే బేబీ పడకల్ని అమెరికా 2022లో చట్టం చేసి మరీ నిషేధించింది. మన దగ్గర అవి ఆన్‌లైన్‌లో ఇప్పటికీ ముద్దుగా మెరుస్తూనే ఉన్నాయి. ఫొటోలో కనిపించింది కదా అని సేఫ్ అనుకోవడమే నేను చేసిన తప్పు.

టేపు తీసుకుని కూర్చున్నా

ఇంటికి రాగానే టైలరింగ్ టేపు తీసుకుని కాట్ మొత్తం కొలిచాను. కొనేముందు చేయాల్సిన పని, కొన్నాక చేశాను! మీరు ముందే చేయండి.

కర్రల మధ్య సందు 6 సెంటీమీటర్లు మించకూడదు. అంతకంటే ఎక్కువుంటే పాప కాళ్లు, నడుము బయటికి జారిపోయి తల మాత్రం ఇరుక్కుంటుంది. కూల్‌డ్రింక్ టిన్ పట్టకపోతే సేఫ్ అని వీడియోల్లో చెబుతుంటారు. మన దగ్గర సన్నటి టిన్‌లు కూడా వస్తున్నాయి కాబట్టి ఆ చిట్కా నమ్మొద్దు. టేపుతోనే కొలవండి. మా కాట్ సందు అయిదున్నర వచ్చింది. హమ్మయ్య అనుకున్నా.

పరుపు దగ్గర దొరికిపోయాం. కాట్‌తో పాటు వచ్చింది పల్చటి మెత్తటి ఫోమ్. చేత్తో నొక్కితే గుంట పడి, పైకి లేవడానికి టైమ్ తీసుకుంటోంది. పైగా ఓ పక్క పరుపుకీ కర్రలకీ మధ్య నా మూడు వేళ్లు దూరిపోయాయి. రెండు వేళ్లు పట్టినా ఆ పరుపు చిన్నదైనట్టే. ఆ సందులోకి పాప ముఖం జారితే చాలు, ప్రమాదం.

మా వీధి చివర పరుపుల షాపుకి కొలతలు తీసుకెళ్తే, కొబ్బరి పీచు పరుపు సరిగ్గా కాట్ సైజుకి కోసి కుట్టిచ్చాడు. నొక్కితే చెయ్యి దిగదు. ‘ఇంత గట్టిదా! పాపకి నొప్పెట్టదూ?’ అంది అత్తయ్య. మనకి గట్టిగా అనిపించేదే పిల్లలకి సరైనది. వాళ్లకి హాయి అంటే మెత్తదనం కాదు... పొడిగా, చల్లగా, చదునుగా ఉండటం. మరీ మందం పరుపు కూడా వేయొద్దు. పరుపు ఎంత ఎత్తుంటే చుట్టూ గోడ అంత పొట్టిదైపోతుంది.

ఇంకొన్ని చూడాల్సినవి ఉన్నాయి. నట్లు, బోల్టులు బిగుతుగా ఉన్నాయా, కాట్ పట్టుకుని ఊపితే కదులుతోందా, చక్రాలకి లాక్ ఉందా, మూలల్లో బట్ట తగులుకునేలా కొమ్ములు పొడుచుకొచ్చాయా, చెక్కకి పెచ్చులు ఉన్నాయా... వేళ్లతో తడిమి చూడండి. పళ్లొచ్చే టైమ్‌లో పిల్లలు పై కర్రని కొరికేస్తారు. అందుకే రంగు సంగతీ ముఖ్యమే. ఇళ్లకి వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం మించకూడదని మన దేశంలో 2017 నుంచి నిబంధన ఉంది. తెలిసిన వడ్రంగితో చేయిస్తుంటే ఏ రంగు వేస్తున్నాడో డబ్బా చూసి అడగండి.

పరుపు ఎత్తు మార్చుకునే వీలుంటే మంచిది. పుట్టిన కొత్తలో పై మెట్టులో పెడితే మన నడుముకి సుఖం. పాప కూర్చోవడం మొదలుపెట్టగానే కిందకి దించేయాలి. నిలబడితే పై కర్ర ఛాతీ దగ్గరికి వస్తోందన్నా, కాలు పైకి వేసి ఎక్కడానికి చూస్తోందన్నా, ఇక కాట్‌కి సెలవు చెప్పేయాల్సిందే.

పాత కాట్ తీసుకోవచ్చా?

ఆఫీసులో ఒకరు ‘మా బాబు కాట్ అటక మీద ఉంది, పట్టుకెళ్లు’ అన్నారు. పాతది తీసుకోవడంలో తప్పేమీ లేదు, డబ్బూ మిగులుతుంది. కానీ ఒక పక్క గోడ కిందకి జారే రకమైతే మాత్రం వద్దు. ఆ జారే గోడ ఊడి, ఆ సందులో ఇరుక్కుని అమెరికాలో 30 మందికి పైగా పసివాళ్లు చనిపోయారు. అందుకే 2011లో అక్కడ వాటి అమ్మకాలు ఆపేశారు. ఒక బోల్టు పోయిందని తాడుతో కట్టిన కాట్, కర్ర విరిగితే టేపు చుట్టిన కాట్ కూడా వద్దు. పరుపు నడుమ పల్లం పడి ఉంటే కొత్తది వేయించండి.

మరి మన ఉయ్యాల?

ఇది రాయకపోతే మీరు ఊరుకోరని తెలుసు. మనింట్లో బారసాల రోజు ఉయ్యాలలో వేయకుండా ఎలా? మా పాపకీ తెనాలిలో దూలానికి చీర ఉయ్యాల కట్టారు. ఎంత ఏడ్చినా నాలుగు ఊపులకి నిద్రపోయేది.

ఉయ్యాలని తప్పు పట్టట్లేదు. అయితే చీరలో పాప వీపు విల్లులా వంగుతుంది. గడ్డం ఛాతీకి ఆనితే చిన్నపిల్లలకి ఊపిరి దారి మూసుకుపోయే వీలుంది. పైగా మన అమ్మమ్మల కాలంలో పగలు ఉయ్యాల పక్కన ఎవరో ఒకరు బియ్యం ఏరుకుంటూనో, కూర తరుగుతూనో ఉండేవాళ్లు. రాత్రి ఫ్లాట్‌లో అలిసిపోయి పడుకున్న ఇద్దరమే మనం. అందుకే మేం పెట్టుకున్న రూల్... మెలకువగా ఒకరు పక్కన ఉంటేనే ఉయ్యాల. పాప నిద్రలోకి జారగానే కాట్‌లోకి. ఊగే కాట్ అయితే నిద్రపోయాక లాక్ పిన్ను తప్పకుండా పెట్టాలి. పాప చేతుల మీద లేవడం మొదలుపెట్టాక ఊపడం మానేయాలి.

కాట్ ఎక్కడ వేయాలి?

పిల్లలు కనీసం 6 నెలలు అమ్మానాన్నల గదిలోనే, కానీ విడి పడక మీద పడుకోవాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సలహా. మా కాట్ మా మంచానికి చేతికందే దూరంలో ఉంది. పాలకి లేవడమూ తేలికే. కిటికీ పక్కన, కర్టెన్ తాళ్లు, ఛార్జర్ వైర్లు అందేచోట, ఏసీ గాలి సూటిగా తగిలేచోట వేయకండి.

మనకి దోమతెర తప్పదు. కాట్ లోపల వేలాడకుండా బయట నుంచి బిగుతుగా ఉండేలా కట్టండి. పాప లాక్కుని చుట్టుకునేలా ఉండకూడదు. చలేస్తుందని దుప్పటి కప్పడం, నిద్రలో టోపీ పెట్టడం మానేశాం. ఒక కాటన్ జుబ్బా, చల్లగా ఉంటే ఇంకో పొర. మెడ వెనక, ఛాతీ మీద చెయ్యి పెట్టి చూస్తాను. చెమట తగిలిందంటే బట్టలు ఎక్కువైనట్టే.

కాట్ కొనే స్తోమత అందరికీ ఉండదు, చిన్న గదిలో చోటూ ఉండదు. అలాంటప్పుడు నేల మీద గట్టి పల్చటి పరుపు పాపకి విడిగా వేసినా చాలు. చుట్టూ దిండ్లు, గోడకి మధ్య సందు లేకుండా చూసుకోండి. వేలు పోసి కొన్న కాట్‌లో మెత్తటి దిండు మధ్య పడుకోబెట్టడం కంటే అది ఎన్నో రెట్లు నయం. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. అర్ధరాత్రి సోఫాలో కూర్చుని పాలిస్తూ నిద్రపోవద్దు. అన్నిటికంటే ప్రమాదం అదే.

అమ్మకి ఎలా చెప్పాలి?

ఇవన్నీ ఒకెత్తు, అమ్మకి చెప్పడం ఒకెత్తు. వీడియో కాల్ చేసినప్పుడల్లా ముందు కాట్‌నే చూపించమంటుంది. ఖాళీ కాట్ చూసి ‘నేను కుట్టినవి ఏవే?’ అంది. రెండు రోజులు ఉతికానని అబద్ధం చెప్పాను. మూడో రోజు ఆ రాత్రి జరిగింది చెప్పేశాను.

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ‘నిన్నూ, తమ్ముణ్ణీ ఇలాగే పెంచాను. మీకేమైంది?’ అంది. నేను డాక్టర్ గారిని అడిగింది కూడా సరిగ్గా ఇదే. ఆవిడ చెప్పిన మాటే అమ్మకి చెప్పాను. ‘చాలామందికి ఏమీ కాదమ్మా. అయ్యేది ఎవరో ఒకరికి. ఆ ఒకరు మన పాప కాకూడదని...’

ఫోన్ పెట్టేసింది. సాయంత్రం మళ్లీ తనే చేసింది. ‘మరి తల చప్పిడైపోదూ, ఆవాల దిండు లేకపోతే?’ మెలకువగా ఉన్నప్పుడు బోర్లా వేసి ఆడించమన్నారని, పడుకునేటప్పుడు ఒకరోజు ఇటు, ఒకరోజు అటు తల తిప్పమన్నారని చెప్పాను. ‘సరే, పరుపు కొలతలు పంపించు’ అంది.

పది రోజుల తర్వాత పార్సిల్ వచ్చింది. తన మెత్తటి పాత కాటన్ చీరలతో కుట్టిన దుప్పట్లు మూడు. నాలుగు మూలలా ఎలాస్టిక్ వేసి, పరుపుకి బిగుతుగా పట్టేలా, ఎక్కడా ముడత పడకుండా కుట్టింది. బజార్లో దొరికేవాటికంటే బాగా సరిపోయాయి.

ఆ రెండు బాలీసులూ పారేయలేదు. పగలు హాల్లో చాప మీద పాప వాటి మీద బోర్లా పడి ఆడుకుంటుంది, నేను పక్కనే ఉంటాను. రాత్రయితే అవి అల్మారాలోకి, పాప కాట్‌లోకి. ఇప్పుడు వీడియో కాల్‌లో అమ్మ ముందు అడిగేది ఒక్కటే... ‘కాట్ ఖాళీగానే ఉందా?’

ఈ రాత్రి మీరూ ఒకసారి ఫోన్ టార్చ్ వేసి చూడండి. కాట్‌లో పాప తప్ప ఇంకేమైనా కనిపిస్తే, అది ఎంత ముద్దుగా ఉన్నా సరే... తీసేయండి.

కొనేముందు ఒక్కసారి...

• కర్రల మధ్య సందు 6 సెంటీమీటర్లలోపే ఉండాలి.
• పరుపు గట్టిగా, చదునుగా ఉండాలి. పక్కన రెండు వేళ్లు పట్టకూడదు.
• కిందకి జారే గోడ, ఏటవాలు పడక వద్దు.
• దిండు, బాలీసు, దూది పట్టీ, బొమ్మలు, వదులు దుప్పటి... ఏడాది నిండేదాకా ఏవీ వద్దు.
• ప్రతి నిద్రకీ, పగలైనా రాత్రయినా, వెల్లకిలానే పడుకోబెట్టాలి.
• నెలకోసారి బోల్టులు బిగించాలి.
• పాప కూర్చోగానే పరుపు కిందకి దించాలి.