హైవేను మళ్లించే చిందు!

హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారినే దారి మళ్లించే చిందు ఒకటుంది, మీకు తెలుసా? సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద! లింగమంతుల స్వామి జాతర రోజుల్లో విజయవాడ వెళ్లే బండ్లను నార్కట్‌పల్లి దగ్గరే తిప్పి నల్లగొండ, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ మీదుగా పంపుతారు. భేరీ మోగేది సూర్యాపేటలో, హారన్లు మోగేది మిర్యాలగూడలో!

రెండేళ్లకోసారి, మాఘమాసంలో, ఐదు రోజులు. తెలంగాణలో మేడారం తర్వాత ఇదే పెద్ద జాతర. 2025లో ఫిబ్రవరి 16న మొదలైంది.

అక్కడ యాదవులు ఏం తొడుగుతారో మీకు తెలుసా? గజ్జెల లాగు! కాళ్ల గజ్జెలు అందరం చూసినవే. ఇక్కడ లాగుకే గజ్జెలు కుడతారు. అడుగు పడిందంటే ఆడే మనిషే వాయిద్యం! ‘ఓ లింగా’ అని ఒక గొంతు లేస్తే గట్టంతా అందుకుంటుంది. ఆడవాళ్లు నెత్తిన గంపలతో కదులుతారు. స్టేజీ లేదు, టికెట్టు లేదు. ఊరికే నిలబడి చూద్దామని వెళ్లినవాళ్ల కాళ్లు కూడా ఊరుకోవు!

డప్పును మంటకు ఎందుకు కాపుతారో మీకు తెలుసా? తోలు బిగిస్తేనే మోత. ఒక చేతిలో లావుపాటి చిర్ర, ఇంకో చేతిలో సన్నటి సిటికెన పుల్ల. బరువు దెబ్బల మధ్య సన్న దెబ్బ దూరిందో, పెళ్లి ఊరేగింపులో మేనమామ భుజాలు వాటంతటవే ఎగురుతాయి!

అమెరికాలో ఈ పని పియానో చేసింది, తెలుసా? దాని పేరు రాగ్‌టైమ్. ఎడమ చేయి తాళం తప్పదు, కుడి చేయి ఆ తాళం సందుల్లోంచి దూకుతుంది. స్కాట్ జాప్లిన్ ‘మేపుల్ లీఫ్ రాగ్’ అచ్చయింది 1899లో. ఆయన వాటా ప్రతికి ఒక్క సెంటు! పులిట్జర్ గౌరవం దక్కింది 1976లో, అప్పటికి ఆయన పోయి 59 ఏళ్లు!

ఆ వరసకు 1910ల్లో జనం ఏం ఆడారో మీకు తెలుసా? టర్కీ కోడిలా, ఎలుగుబంటిలా, కుందేలులా! టర్కీ ట్రాట్, గ్రిజ్లీ బేర్, బన్నీ హగ్. డాన్సు హాలు కాదు, జూపార్కే!

1914లో ఫాక్స్‌ట్రాట్ ఊపందుకుంది. దాన్ని ఊరూరా నేర్పిన కాజిల్ దంపతులకు బ్యాండు నడిపిన నల్లజాతి అమెరికన్ పేరు జేమ్స్ రీస్ యూరప్. దేశం అమెరికా, ఇంటిపేరు యూరప్!

అన్నిటికన్నా నన్ను కదిలించే విశేషం మాత్రం ఇది. డప్పునూ రాగ్‌టైమ్‌నూ మనకిచ్చింది సమాజం దూరం పెట్టిన మనుషులే. పక్కన కూర్చోనివ్వని వాళ్లు కూడా వాళ్ల దరువుకే ఆడారు!

బతుకమ్మకు వాయిద్యమే అక్కర్లేదని మీకు తెలుసా? చప్పట్లు చాలు! 2016లో హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో 9,292 మంది కలిసి ఆడితే గిన్నిస్ రికార్డయింది. ఒక్కొక్కరివి రెండేసి అరచేతులు, లెక్క మీరే వేసుకోండి!

చివరిగా ఒకటి. సూర్యాపేట పక్క పిల్లలమర్రిలో ఎరకేశ్వరాలయం కట్టింది 1208లో, కాకతి గణపతిదేవుడు ఏలుతుండగా. అదే రాజు కొలువులోని జాయప 1250ల్లో ‘నృత్తరత్నావళి’ రాశాడు. ఎనిమిది అధ్యాయాలు, అందులో నాలుగు అచ్చంగా దేశి నృత్యాలకే. ఇంతకీ ఆయన ఉద్యోగం ఏమిటో మీకు తెలుసా? గజసేనాపతి! పగలు ఏనుగుల్ని నడిపినాయన, మన అడుగులకు లెక్క రాసిపెట్టాడు!