గొడ్ల సావిడే షెడ్డు... పద్మినికి పట్టిన రెండో గేరు

భీమవరం: గొడ్లు లేని గొడ్ల సావిడి అది. గేదెల్ని అమ్మేశాక అందులో పాత ప్రీమియర్ పద్మిని కారు నిలబెడుతున్నారు. 2025 శ్రావణ మాసంలో పదకొండు రోజులపాటు ఆ సావిడిలో పాల చెంబులకు బదులు పానాలు మోగాయి. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన ఒక పెద్దాయన తన కారు గేరు పెట్టెను ఇంటి దగ్గరే విప్పి, అరిగిన భాగాలు మార్చి, తిరిగి బిగించుకున్నారు. "పేరు మాత్రం వేయకండి బాబూ! వేశారంటే చుట్టుపక్కల ఊళ్లలోని పాత కార్లన్నీ మా గుమ్మంలోనే ఉంటాయి" అని ముందే షరతు పెట్టారు.

ఈ బండిని ఎరుగని కుర్రకారు కోసం నాలుగు మాటలు. ఇటలీ వారి ఫియట్ 1100 నమూనాను ముంబయిలోని కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు తయారుచేసేవారు. చిత్తోడ్ రాణి పేరు మీద దానికి పద్మిని అని పేరు పెట్టింది 1970లలో. 1089 సీసీ ఇంజను, స్టీరింగు పక్కనే గేరు రాడ్డు. 2000 ప్రాంతంలో తయారీ ఆగిపోయింది. ముంబయి వీధుల్లో తిరిగిన పద్మిని టాక్సీలకు కూడా 2023 అక్టోబరుతో కాలం చెల్లింది.

పెద్దాయన బండి 1990లో రిజిస్టరైంది. అర్ధరాత్రి నొప్పులొచ్చిన ఆడపిల్లల్ని భీమవరం ఆసుపత్రికి చేర్చిన బండి అని ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. కిరాయి తీసుకోరు, పెట్రోలు పోయిస్తే చాలు. సొంత బళ్లకు పదిహేనేళ్లు నిండాక ఐదేళ్లకోసారి రవాణా కార్యాలయంలో చూపించి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి కదా. ఆ గడువు 2025 నవంబరులో వచ్చింది. అంతకు ముందే రెండో గేరు మొరాయించింది. వేయబోతే గర్రుమంటోంది, పడ్డాక నాలుగు గజాలు పోగానే దానంతటదే ఊడి న్యూట్రల్‌కు వచ్చేస్తోంది.

పద్మినికి రెండో గేరు ఎంత ముఖ్యమో తోలినవారికే తెలుస్తుంది. ఇందులో రెండు, మూడు, నాలుగు గేర్లకే సింక్రో రింగులుంటాయి. మొదటి గేరుకు లేదు. అంటే బండి పూర్తిగా ఆగితే గాని మొదటి గేరు పడదు. గుంటల రోడ్డులోనూ, కాలవ వంతెన ఎక్కేటప్పుడూ బరువంతా రెండో గేరు మీదే.

పట్నంలో ఒక షెడ్డుకు తీసుకెళితే "సామాను దొరకదు, తుక్కుకు ఇచ్చెయ్యండి" అన్నారట. పాతినుప సామాన్లవాడు ఇంటికొచ్చి పాతికవేలు చేతిలో పెట్టబోయాడు. "అమ్మేద్దురూ, ఈ వయసులో కారు కింద దూరతారా?" అని ఇంటావిడ కూడా పోరారు. ఆయన వినలేదు.

వెనుక చక్రాలకు ఇరుసు దగ్గర, ముందు బాడీకి తాటి మొద్దులు పెట్టి బండిని నిలబెట్టారు. వట్టి జాకీని నమ్ముకుని బండి కింద దూరకూడదని డిపోలో నేర్చుకున్న మొదటి పాఠమట. ప్రొపెల్లర్ షాఫ్టు, స్పీడోమీటరు తీగ, గేరు రాడ్లు ఊడదీసి, ఇంజను కింద దుంగ ఆనించి, మేనల్లుడి సాయంతో పెట్టెను గడ్డిమోపు మీదికి దింపారు.

ఊడదీసిన ప్రతి వస్తువునూ వరుస తప్పకుండా విస్తరాకుల్లో పెట్టి, ఆకుల మీద అంకెలు వేశారు. ఊడదీయడం ఎవరైనా చేస్తారనీ, వరుస మరిచిపోతేనే కొంప మునుగుతుందనీ ఆయన మాట. అంత జాగ్రత్తలోనూ గేరు రాడ్డును పట్టి ఉంచే ఉక్కు గోళీ ఒకటి స్ప్రింగు దెబ్బకు ఎగిరి గడ్డిలో పడింది. మనవరాలు పాత స్పీకరులోని అయస్కాంతానికి తాడు కట్టి, గడ్డంతా జల్లెడ పట్టినట్టు గాలించి సాయంత్రానికి దొరికించింది.

కిరసనాయిలుతో కడిగి చూస్తే అసలు దొంగ బయటపడింది. గేరు పళ్లు కలవకముందే రెండు వైపుల వేగాన్నీ రాపిడితో సమానం చేసేది ఇత్తడి సింక్రో రింగు. దాన్ని గేరు మీద కూర్చోబెడితే పళ్లకూ రింగుకూ మధ్య సందు కనిపించాలి. ఇక్కడ పోస్టుకార్డు కూడా దూరలేదు. లోపలి సన్నగాళ్లు అరిగి నున్నబడిపోయాయి. వెనుక బేరింగు కూడా వదులైంది.

విజయవాడ ఆటోనగర్‌లో రెండు రోజులు తిరిగితే ఒక పాత సామాన్ల కొట్టులో రింగులు, బేరింగు, ఆయిలు సీళ్లు దొరికాయి. బస్సు ఛార్జీలతో కలిపి నాలుగు వేల లోపే అయింది. ఆయిలు విషయంలో మాత్రం ఆయన ఒక హెచ్చరిక చేశారు. కొట్లో 90 నంబరు గేరాయిలు అడిగితే జీఎల్-5 రకం చేతిలో పెడతారు. అందులో కలిపే మందులు కొన్ని ఇత్తడిని తినే అవకాశం ఉంది. ఇలాంటి పాత పెట్టెలకు జీఎల్-4 అని అడిగి తీసుకోవాలి.

తొమ్మిదో రోజున బిగించి రోడ్డెక్కిస్తే గర్రుమనడం పోయింది గాని గేరు మళ్లీ ఊడింది! చూడడానికి బాగానే ఉన్నాయని గోళీల వెనుక పాత స్ప్రింగులనే వేశారు. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదని ఇంటావిడ చెప్పారు. మర్నాడు మళ్లీ దింపి, ఆటోనగర్ నుంచి వస్తూ ఎందుకైనా మంచిదని తెచ్చిన స్ప్రింగు పక్కన పాతదాన్ని నిలబెడితే ఒక నూలు పొట్టిగా ఉంది. ఆ కాస్త తేడాకే గోళీ గాడిలో నిలవడం లేదు. తప్పు తనదేనని మేనల్లుడి ముందే ఒప్పుకున్నారు.

ఇప్పుడొస్తున్న ఆటోమేటిక్ గేరు కార్లను కూడా ఇలాగే విప్పుతారా అని ఈ విలేఖరి అడిగితే రెండు చేతులూ జోడించారు. "వాటిలో ఆయిలు ఒత్తిడి, కవాటాలు, కంప్యూటరు... నా విస్తరాకులు చాలవు" అన్నారు.

నవంబరులో బండిని రవాణా కార్యాలయంలో చూపించారు. మరో ఐదేళ్లకు కాగితం చేతికొచ్చింది. తిరిగొచ్చేటప్పుడు ఈ విలేఖరి కూడా అందులోనే కూర్చున్నాడు. ఊరి కాలవ వంతెన దగ్గర గడ్డి ట్రాక్టరు అడ్డొస్తే బండి నెమ్మదించింది. పెద్దాయన రెండో గేరు వేసి, అలవాటు కొద్దీ రాడ్డు మీద చెయ్యి అలాగే అదిమి ఉంచారు. వంతెన సగం ఎక్కాక చెయ్యి తీసేశారు.