తాళం మనదే, మరి చెవి ఎవరి దగ్గరుంది?

"అన్నా, నీ వాట్సాప్ నంబర్ చెప్పు. ఆధార్ పంపుతా, ఒక ప్రింట్ తియ్యి."

కరీంనగర్‌లోనైనా, ఆదిలాబాద్‌లోనైనా ఏ నెట్ సెంటర్‌కు పోయినా పొద్దంతా వినిపించే మాట ఇదే. ప్రింట్ తీసుకుని, పైసలిచ్చి మనం వచ్చేస్తాం. మన ఆధార్ మాత్రం అక్కడి కంప్యూటర్‌లో ఉండిపోతుంది. డిలీట్ చేయమని ఎప్పుడైనా అడిగామా?

'ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంటది కదా' అంటారేమో. ఉంటుంది. ఆధార్ సైట్ నుంచి దించుకున్న ఫైల్ నిజంగానే ఎన్‌క్రిప్ట్ అయి వస్తుంది. అంటే లోపలి సమాచారాన్ని లెక్కల సూత్రంతో కలగాపులగం చేసేస్తారు. చెవి లేనివాడికి అది ఉత్త పిచ్చిగీతలే. కానీ ఆ చెవి ఏంటో తెలుసుగా? పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ పెద్దక్షరాలు, ఆ పక్కన పుట్టిన సంవత్సరం. ఇన్‌స్టాలో బర్త్‌డే ఫొటోలు పెట్టేవాడి తాళం తీయడానికి హ్యాకరే రానక్కర్లేదు. అందుకే ప్రింట్ కోసం పంపేటప్పుడు మాస్క్‌డ్ ఆధార్ పంపండి. అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి.

ఫోన్ సంగతి కాస్త నయం. ఆండ్రాయిడ్ 10తో మార్కెట్లోకి వచ్చినవి, ఆ తర్వాతవి లోపలి స్టోరేజీని వాటంతటవే ఎన్‌క్రిప్ట్ చేస్తాయి. అయితే స్క్రీన్ లాక్ పెట్టకపోతే తలుపుకు తాళం వేసి చెవిని దానికే వేలాడదీసినట్టు. మెమరీ కార్డ్‌దీ ఇదే కథ. పీకి వేరే ఫోన్‌లో పెడితే మామూలుగా అన్నీ కనిపిస్తాయి. పదో తరగతి మెమో, కుల ధ్రువీకరణ పత్రం, పట్టా పాస్‌బుక్ ఫొటో... ఇలాంటివి గూగుల్ ఫైల్స్ యాప్‌లోని సేఫ్ ఫోల్డర్‌లో పెట్టుకోవచ్చు. ల్యాప్‌టాప్ ఉంటే 7-జిప్ ఉచితమే, ఏఈఎస్-256 తాళం వేస్తుంది. పాస్‌వర్డ్ మరిచిపోతే మాత్రం గూగుల్ వాళ్లు కూడా తీయలేరు.

ఇదే తాళం ఎదురుతిరిగితే? 2019లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థల మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. మనకు కరెంటు బిల్లు పంపే ఉత్తర డిస్కం కూడా అందులో ఉంది. రాన్సమ్‌వేర్ చేసేదీ ఎన్‌క్రిప్షనే. మన ఫైళ్లకు వాడి తాళం వేసి, చెవి కావాలంటే పైసలు కట్టమంటాడు. అప్పుడు ఆదుకునేది వేరేచోట దాచుకున్న కాపీ ఒక్కటే.

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు గల్ఫ్‌కు పోయినవాళ్లున్న ఇళ్లలో ఇది ఇంకా పెద్ద విషయం. పాస్‌పోర్ట్, వీసా, అగ్రిమెంట్ కాపీలన్నీ ఫ్యామిలీ గ్రూప్‌లోనే పడుంటాయి. వాట్సాప్ మెసేజ్‌ను దారిలో ఎవరూ చదవలేరు, నిజమే. చేరాక అది గ్యాలరీలో ఫొటోనే కదా! చాట్ బ్యాకప్‌కు ఎన్‌క్రిప్షన్ 2021లో వచ్చింది, కానీ దాన్ని సెట్టింగ్స్‌లో మనమే ఆన్ చేసుకోవాలి.

ఇంకో చిక్కుంది. దుబాయ్‌లో అన్న పాస్‌పోర్ట్ పోతే ఆ కాపీ అప్పటికప్పుడు కావాలి. ఫోల్డర్ పిన్ ఆయన ఒక్కడికే తెలిస్తే ఇంట్లోవాళ్లు ఏం చేస్తారు? పోయేముందు ఇంట్లో ఒకరికి చెప్పాలి, లేదా కాగితం మీద రాసి బీరువాలో పెట్టాలి. ఫ్యామిలీ గ్రూప్‌లో మాత్రం పెట్టొద్దు.